ఓలి ఇచ్చిన తండాలోకి కట్నం ఎట్లొచ్చింది?

(భువనగిరిలో హాస్టల్ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలివి. అక్కడికి రాలేనివాళ్ల కోసం రాసి పెడుతున్న. చదువుతున్న మీతోనే మాట్లాడుతున్న అనుకోండి.)



ఇప్పుడే చెల్లెళ్లు ఆడి స్టేజీ దిగిన్రు. ఫేట్యా, కాంచళి, అద్దాలు, గవ్వలు. మనమందరం ఫోన్లు లేపి వీడియోలు తీసినం. ఫిబ్రవరి 15 సేవాలాల్ జయంతికి గూడ ఇట్లనే తీస్తం. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి గూడ ఇంతే. "మా సంస్కృతి మా గర్వం" అని స్టేటస్ పెడతం. మంచిదే, నేను గూడ పెడత.

కానీ ఇయ్యాల మిమ్ముల ఒక మాట అడుగుదామని వచ్చిన. ఆ ఫేట్యా మడిచి పెట్టెల పెట్టినంక, సంవత్సరంల మిగతా రోజులు మన సంస్కృతి ఎక్కడ ఉంటది?

నాకు అర్థమైంది చెప్త. అది మన నడవడికల ఉంటది. బస్సుల మన గోర్ బోలి మాట్లాడేటప్పుడు గొంతు ఎందుకు తగ్గిస్తం? ఆఫీసుల కుర్చీ ఖాళీగ ఉన్నా మన తాత ఎందుకు గోడకు ఆని నిలబడతడు? ఆడపిల్ల పుట్టిందని ఫోన్ వస్తే ఇంట్ల మొదటి మాట ఏం వస్తది? ఇవన్నీ మనకు ఎవరూ కూసోబెట్టి చెప్పలేదు. చూసి నేర్సుకున్నం. నేర్సుకున్నమన్న సంగతి మర్సిపోయినం గనుక, పుట్టుకతోటి వచ్చినయ్ అనుకుంటున్నం.

పుట్టుకతోటి వచ్చింది కాదు అనడానికి దూరం పోనక్కర్లేదు. మీరు కూసున్న ఈ ఊరే సాక్ష్యం. "నీ బాంచెన్, కాల్మొక్త" అన్న మాట మన తాతల కాలంల నమస్తే లెక్క ఉండేది. దొర గడి ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోళ్లు. అది భయమే, కానీ తరాలు గడిచేసరికి మర్యాద అయి కూసున్నది. అట్లాంటి రోజుల్లో, 1944లో, పదకొండవ ఆంధ్ర మహాసభ ఇదే భువనగిరిలో జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. ఆయన ఊరు బొల్లేపల్లి ఇక్కడికి దగ్గరే. ఆ సభ తర్వాత సంఘం ఊరూరికీ పాకింది, వెట్టికి ఎదురు తిరిగింది. జనగామ దిక్కు ధర్మాపురంలో లంబాడీలు తమ భూమి కోసం దొరకు ఎదురు నిలబడ్డరు. జాటోత్ ఠానూ నాయక్ ఆ పోరాటంలనే ప్రాణం ఇచ్చిండు.

వందల ఏండ్ల నుంచి వంగిన నడుము ఒక తరంల లేచింది. మనుషులు చేసిన అలవాటును మనుషులే మార్చిన్రు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్ల మళ్లీ దీని దగ్గరికే వస్త.

ఇప్పుడు అసలు ముచ్చట. తీజ్ గురించి.

శ్రావణంల తొమ్మిది రోజులు. పెండ్లికాని పిల్లలు బుట్టలల్ల పుట్టమన్ను పోసి గోధుమలు చల్లుతరు. రోజూ నీళ్లు తెచ్చి పోస్తరు, చుట్టూ తిరిగి పాడతరు. మొలకలు ఎంత పచ్చగ, ఎంత ఎత్తు లేస్తే తండాకు అంత మంచిదంటరు. ఆ తొమ్మిది రోజులు తండా పిల్లలదే. నాయక్ గూడ వాళ్ల మాట వింటడు. చుర్మో చేసి నైవేద్యం పెడతరు. ఆఖరి రోజు చెరువు దగ్గర బుట్టలు నీళ్లల్ల కలిపినంక, మా తండాల అన్నదమ్ములం అక్కచెల్లెళ్ల కాళ్లు కడుగుతం. నేను గూడ మా అక్క కాళ్లు కడిగిన. చిన్నప్పుడు సిగ్గయ్యేది. పెద్దగయినంక గర్వమయ్యేది. లోకంల ఎవరింట్ల ఆడపిల్లకు ఇంత మర్యాద ఉన్నదని ఊర్ల దోస్తులకు చెప్పేటోణ్ని.

అదే అక్క పెండ్లిల, పీట మీద పైసలు లెక్కపెట్టింది గూడ నేనే.

ఒక చెయ్యి కాళ్లు కడిగింది. ఇంకో చెయ్యి కట్నం లెక్కపెట్టింది. రెండూ "మన ఆచారమే" అన్నరు. ఈ రెండింటిల ఏది మనది? ఆ ప్రశ్న నాకు నిద్ర పట్టనియ్యలే. పెద్దమనుషుల్ని అడిగిన, కొంత చదివిన. తెలిసింది చెప్త.

మా ముసలవ్వకు కట్నం అన్న మాటే కొత్త. ఆమె పెండ్లికి తాతోళ్లు ఎదురిచ్చిన్రు. పైసలు, ఎడ్లు. తెలుగుల దాన్ని ఓలి అంటరు. లంబాడీలల్లనే కాదు, కోయలల్ల, ఎరుకలల్ల, ఇంకా చాలా ఆదివాసీ తెగలల్ల ఓలి ఉండేది. ఎందుకు? ఆడమనిషి ఒక ఇంట్ల నుంచి ఇంకో ఇంటికి పోతే, ఒక ఇంటికి పనిచేసే చేతులు తగ్గినట్టు. ఎడ్ల మీద సరుకు ఎత్తేది, పశువుల్ని చూసేది, అడివిల తిరిగేది, గుడారం మోసేది ఆమె. ఆ చేతుల విలువ తెలిసినోళ్లు గనుక, "మీ బిడ్డను తీసుకపోతున్నం, ఇది ఉంచుకోండి" అన్నరు. బెల్లం పంచి సంబంధం ఖాయం చేసుకున్నరు.

ఓలి బంగారు కాలం అని నేను అంటలేను. దాంట్ల గూడ పిల్లను అడిగినోడు లేడు. మొగుడు కొట్టినా పుట్టింటికి రావాలంటే తీసుకున్న ఓలి వాపసు ఇయ్యాలనే బరువు ఉండేది. ఆడమనిషికి ధర కట్టుడే అది. అదీ ఇదీ రెండూ లెక్కలే. కానీ ఒక్క తేడా చూడండి. ఓలి ఉన్న ఇంట్ల ఆడపిల్ల పుడితే నష్టం అన్న మాట లేదు. కట్నం వచ్చినంక పుట్టిన రోజు నుంచే అప్పు లెక్క మొదలైంది. ఆచారం దిశ మారంగనే, ఇంట్ల మొఖాలు మారినయ్.

మరి దిశ ఎట్ల మారింది?

మన పూర్వీకులు ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని దేశం తిరిగినోళ్లు. లదేణి అంటం. మొఘల్ సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండి గింజలు చేరేసింది మన బిడారాలే. రైళ్లు వచ్చినయ్, రోడ్లు వచ్చినయ్. ఎద్దు మీద వ్యాపారం కూలిపోయింది. 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తిరిగే జాతుల మీద దొంగ ముద్ర వేసిన్రు. నిజాం రాజ్యంల గూడ లంబాడీల మీద పోలీసు నిఘా ఉండేది. ప్రొఫెసర్ భంగ్యా భుక్యా ఈ చరిత్ర మీద పెద్ద పుస్తకమే రాసిండు. మన తండా నుంచి వచ్చినోడే మన చరిత్ర రాసిండు, దొరికితే చదవండి.

తిరుగుడు ఆగింది. మిట్ట చెలకల పక్కన తండాలు కట్టుకున్నం. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట నేలల సంగతి మీకు తెలుసు. వాన వస్తే జొన్న, ఆముదం. రాకపోతే కూలీ, వలస. పశువులు తగ్గినయ్, అడివి మూసేసిన్రు. ఆడమనిషి చేతుల పని తగ్గలేదు గాని, ఆ పనికి పైసల రూపంల విలువ తగ్గింది. అదే టైంల పక్క ఊళ్ల పెండ్లిళ్లు చూసినం. పెద్దకులపోళ్లు కట్నం తీసుకుంటరు, తీసుకున్నోనికి గౌరవం ఎక్కువ. మనం గూడ "తక్కువ కాదు" అని చూపించుకోవాలనుకున్నం. ఊరు మనల్ని దూరం పెట్టింది. మనం మాత్రం ఊరి జబ్బును దగ్గరికి తీసుకున్నం.

ఇంకొకటి చెప్త, ఇది చేదుగ ఉంటది. తెలంగాణ ప్రాంతంల లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలకు వచ్చింది 1976 చట్టంతోటి. దాంతోని మన పిల్లలు హాస్టళ్లకు వచ్చిన్రు, కాలేజీలకు వచ్చిన్రు, కొందరికి నౌకరీలు వచ్చినయ్. జాతి మొత్తానికి దక్కిన హక్కు అది. దాన్ని మనం ఏం చేసినం? పెండ్లి మార్కెట్ల రేటు బోర్డు చేసినం. టీచరుకు ఒక రేటు, కానిస్టేబుల్‌కు ఒక రేటు, ఇంజినీరుకు ఒక రేటు. తండా పిల్ల తండ్రి దగ్గర వసూలు చేసుకుంటున్నం.

దీని ధర ఎవరు కట్టిన్రు?

1999లో, మళ్లీ 2001లో, హైదరాబాద్‌ల దత్తత కేంద్రాల బాగోతం బయటపడ్డది. దేవరకొండ, చందంపేట దిక్కు తండాల ఆడపిల్లల్ని వెయ్యికో రెండు వేలకో దళారులు తీసుకపోయి, ఆ కేంద్రాలల్ల అప్పజెప్పిన్రు. ఆ పసిపిల్లల్ని లక్షలకు విదేశాలకు దత్తత ఇచ్చిన్రు. పేపర్లల్ల పెద్ద పెద్ద అక్షరాలతో "పిల్లల్ని అమ్ముకునే లంబాడీలు" అని రాసిన్రు. మూడో ఆడపిల్ల, నాలుగో ఆడపిల్ల పుడితే బతకనియ్యని ఇండ్లు గూడ ఉన్నయని రాసిన్రు. ఆ వార్తల్ల కొన్ని అబద్ధాలు ఉండొచ్చు. నిజం గూడ ఉన్నది. మన పెద్దమనుషులకు తెలుసు.

ఇప్పటికీ కొందరు "అది వాళ్ల సంస్కృతే" అంటరు. ఆ మాట వింటే నాకు రక్తం ఉడుకుతది. తీజ్ నాడు ఆడపిల్లను దేవత లెక్క చూసే తండాల ఆడపిల్లను అమ్ముకునుడు సంస్కృతి ఎట్లయితది? కరువు, కట్నం, దళారి, ఈ మూడూ కలిస్తే అయిన పని అది. కానీ కోపం తగ్గినంక ఒక మాట ఒప్పుకోవాలె. దళారి బయటోడు. కరువు మన చేతుల లేదు. కట్నం మాత్రం మనమే తీసుకున్నం. మూడింటిల మన చేతుల ఉన్నది అదొక్కటే.

ఇప్పుడు మా ఇంటి లెక్క చెప్త. పేర్లు లేవు, లెక్క మాత్రం నిజం.

అక్క పెండ్లికి మా బాపు నాలుగు లక్షలు పెట్టిండు. అందుల మూడు లక్షలు అప్పు, నూటికి మూడు రూపాయల మిత్తి. అంటే నెలకు 9 వేలు. ఏడాదికి 1 లక్ష 8 వేలు. కళ్యాణలక్ష్మి చెక్కు వచ్చింది, 1,00,116 రూపాయలు. 2014 అక్టోబర్‌ల పథకం మొదలైనప్పుడు 51 వేలు ఉండేది, తర్వాత పెరిగింది. పిల్లకు పద్దెనిమిది నిండితేనే వస్తది గనుక కొన్ని ఇండ్లల్ల చిన్నతనపు పెండ్లిళ్లు ఆగినయ్, అది మంచే. కానీ మా ఇంట్ల ఆ చెక్కు ఏమైంది? ఒక ఏడాది మిత్తికి గూడ సాలలే. సర్కారు ఇచ్చిన పైసలు గూడ పిల్ల చేతికి రాలే, షావుకారి చేతికి పోయినయ్.

తర్వాత నా డిగ్రీ అయిపోయింది. ఒక నౌకరీ పరీక్షల మొదటి దశ పాసైన. ఇంకా నౌకరీ రాలే, పాసైన అంతే. వారం తిరగకముందే సంబంధం వచ్చింది. "ఐదు లక్షలు, ఒక బండి" అన్నరు. పిల్ల నాకంటే ఎక్కువ చదివింది.

యాడి నా పక్కన కూసొని మెల్లగ అన్నది: "నువ్వు తీసుకుంటెనే అక్క అప్పు తీరుతది బిడ్డా."

చూడండి, ఎంత సక్కగ ఉన్నదో ఆ మాట. అక్క కోసం ఇచ్చినం కాబట్టి ఇంకో అక్క దగ్గర తీసుకోవాలె. ఆ పిల్ల తమ్ముడు ఇంకొకరి దగ్గర తీసుకుంటడు. అందరూ మంచోళ్లే. అందరికీ కారణం ఉన్నది. ఒకరి మెడల ఉరి తీసి ఇంకొకరి మెడల వేస్తున్నం, అంతే.

నేను గొప్పోణ్ని కాదు. వెంటనే వద్దు అనలే. రెండు రోజులు నోరు మూసుకున్న. అప్పు కండ్ల ముందట తిరిగింది. మూడో రోజు అక్క ఫోన్ చేసింది. ఆమెకు ఎవరు చెప్పిన్రో తెల్వదు. ఒక్కటే మాట అన్నది: "నా అప్పు ఇంకో పిల్ల మీద వెయ్యకురా తమ్మీ."

సంబంధం కాదన్న. యాడి నెల రోజులు సరిగ మాట్లాడలే. నేను చౌటుప్పల్ దిక్కు ఒక కంపెనీల షిఫ్టులకు పోతున్న. అప్పు ఇంకా ఉన్నది, సగం తీరింది. నేను కథ గెలిచి మీ ముందుకు రాలే. మధ్యల ఉన్న.

మీరేం అంటరో నాకు తెలుసు. ముందే జవాబు చెప్త.

"మేం అడగలే, వాళ్లే ఇచ్చిన్రు" అంటరు. ఎవడూ మనసుతోని ఇయ్యడు. ఇయ్యకపోతే రేపు బిడ్డకు మాట పడుతదని ఇస్తడు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడుగుడు నేరమే, తీసుకునుడు నేరమే, ఇచ్చుడు నేరమే. మన తెగలకు మినహాయింపు ఏం లేదు.

"కట్నం అంటే ఆడపిల్ల వాటా కదన్నా" అంటరు. మంచి మాట. అయితే ఆమె పేరు మీద రాయండి. చెలక రాయండి, బ్యాంకుల వేయండి. మామ చేతుల పెట్టిన పైసలు ఆమె వాటా ఎట్లయితది? ఇంకొక సంగతి చాలామందికి తెల్వదు. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని ఆ చట్టంలనే రాసి ఉన్నది. అంటే ఊర్ల మిగతా ఆడపిల్లలకు తండ్రి భూమిల వచ్చిన హక్కు మన అక్కచెల్లెళ్లకు ఆ చట్టం కింద రాలే. మన దగ్గర "ఆచారం" ప్రకారం అన్నరు, ఆచారం అంటే మొగపిల్లలకే అన్నరు. 2022 డిసెంబర్‌ల సుప్రీంకోర్టు ఈ అన్యాయం సంగతి చూడమని కేంద్రానికి చెప్పింది. 2025 జూలైల ఒక గోండు కుటుంబం కేసుల, ఆడబిడ్డకు వాటా ఇయ్యొద్దన్న ఆచారం ఉన్నదని రుజువు చెయ్యకుంటే ఆమెకు సమాన వాటా ఇయ్యాల్సిందే అని తీర్పు ఇచ్చింది. ఆడపిల్ల వాటా మీద అంత ప్రేమ ఉంటే, ఇదిగో తొవ్వ.

"పెద్దమనుషులు ఊకోరు" అంటరు. నాయక్, కార్‌బారి, డావ్ కూసొని చెప్పిందే తండాల చట్టమని మనం పెరిగినం. మరి కట్నం తీసుకొమ్మని ఏ నాయక్ పంచాయితీ పెట్టి చెప్పిండు? ఎవరూ చెప్పలే. సప్పుడు లేకుంట వచ్చింది. సప్పుడు చేసి పంపాలె. 2018 చట్టంతోని మన తండాలు గ్రామ పంచాయతీలు అయినయ్. సర్పంచ్ మనోడే. గ్రామసభల ఈ మాట ఒక్కసారన్న లేసిందా? రోడ్డు గురించి లేస్తది, బోరు గురించి లేస్తది. ఇది లేవదు.

కోయ, గోండు, చెంచు, ఎరుకల తమ్ముళ్లు, చెల్లెళ్లు గూడ ఇక్కడ ఉన్నరు. ఇది లంబాడీల ముచ్చట, మాకెందుకు అనుకోకండి. చదువుకున్న పిల్లగానికి మీ గూడేలల్ల గూడ బండి పెడుతున్నరు, ఫ్రిజ్ పెడుతున్నరు. "బహుమానం" అంటున్నరు. మా దగ్గర గూడ మొదట అదే పేరుతోని వచ్చింది. మేం పడ్డ గుంతల మీరు పడొద్దు.

మరి ఏం చేద్దాం? పెద్ద ప్రోగ్రాం ఏం చెప్పను. మూడు పనులు.

ఒకటి, మొగపిల్లలు. సంబంధం రాకముందే ఇంట్ల చెప్పండి. వచ్చినంక చెప్పుడు కష్టం, నాకు తెలుసు. ఇయ్యాల రాత్రి ఫోన్ చేసినప్పుడే యాడికి చెప్పండి. ఆమె తిడుతది. తిట్టనీయండి.

రెండు, ఆడపిల్లలు. తీజ్ బుట్టలు నాయక్ ఇంటి ముందటనే ఉంటయ్. తండా మొత్తం మీ మాట వినే తొమ్మిది రోజులు అవి. పాటతోపాటు ఈ మాట గూడ అక్కడ ఎత్తండి. మీ మొలకలు నెత్తిన పెట్టుకునే అన్నదమ్ముల్ని అక్కడనే అడగండి, "రేపు నువ్వు తీసుకుంటవా?" అని.

మూడు, ఇద్దరూ. పెండ్లి ఖర్చు తగ్గించండి. మా అక్క పెండ్లిల డీజేకు పెట్టిన పైసలతోని ఒక పిల్ల డిగ్రీ హాస్టల్ ఖర్చు ఎల్లేది. మన డప్పు ఉన్నది, మన పాట ఉన్నది. అవ్వలు పాడే ఢావ్లో వింటే రాయి గూడ కరుగుతది. దానికి అప్పు తేవాల్సిన పని లేదు.

మొదట్ల చెప్పిన మాట దగ్గరికి వస్త. ఈ భువనగిరిల సభ జరిగిననాడు "కాల్మొక్త" అనకుంట దొర ముందట నిలబడొచ్చని చాలామందికి నమ్మకం లేదు. అది ఆచారం అనుకున్నరు. కొందరు నిలబడ్డరు. తర్వాత అందరికీ నిలబడుడు వచ్చింది.

ఈసారి దొర బయట లేడు, మన ఇంట్ల పీట మీద కూసున్నడు. పోయిన శ్రావణంల మా అక్క తండాకు వచ్చింది, ఒళ్లె చిన్న పాప. తీజ్ బుట్ట కాడ ఆ పాప చిన్న చేతులతోని మొలకలు పట్టుకొని గుంజుతున్నది. ఆ పాపకు పద్దెనిమిది ఏండ్లు వచ్చేసరికి, ఆమె తమ్ముడు పీట మీద పైసలు లెక్కపెట్టొద్దు. కాళ్లు కడిగే ఆచారం ఒక్కటే ఆమెకు మిగలాలె.

రామ్ రామ్. జోహార్.